మేటి ఆట ఏది?

కాల్బంతిని గురించి ఒక తెలుగు పండితురాలు వ్రాయడమేమిటని మిత్రులు నవ్వుకొనవచ్చును. నిజమే, నేను జీవితంలో ఏనాడూ బంతిని కాలితో తన్నిన దానను కాను. కాని చిన్ననాడు మా ఇంటి వసారాలో ఆదివారపు సాయంకాలాలలో విన్నంత కాల్బంతి చర్చ, తరువాత పండిత శిక్షణలో సంధి సమాసాలను గురించి కూడా వినలేదు సుమండీ.

అవి 1970ల తొలి సంవత్సరాలు. సికింద్రాబాదులో మా నాన్నగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో గుమాస్తా. ఆదివారమైతే ఆయన స్నేహితులిద్దరు తప్పక వచ్చేవారు. ఒకరు అమ్ముగూడ మామయ్య, మరొకరు ముషీరాబాదు చాచా. నేను టీ కప్పులు అందించి, గడప దగ్గర హోంవర్కు పుస్తకం తెరుచుకొని కూర్చొనేదానను. పుస్తకం ఒడిలో ఉండేది, చెవులు వసారాలో ఉండేవి.

వారి చర్చ ఎప్పుడూ ఒక్కటే. రహీం సాబు శిష్యులు ఆడిన ఆటలన్నింటిలో మేటి ఘట్టం ఏది?

ఈ తరం వారికి సయ్యద్ అబ్దుల్ రహీం పేరు 2024లో వచ్చిన 'మైదాన్' చిత్రం వలన తెలిసి ఉండవచ్చును. ఆయన హైదరాబాదు బడిపంతులు. ఆయన తర్ఫీదులో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు మార్లు రోవర్స్ కప్పును గెలిచింది. దేశపు జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడలలో స్వర్ణం తెచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది.

మామయ్య వాదం ఊరి అభిమానంతో మొదలయ్యేది. కంటోన్మెంటు అంచున ఉన్న అమ్ముగూడలోనే తులసీదాస్ బలరాం పుట్టి పెరిగారు. 1960 రోము ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఆయన వేసిన గోలే మేటి అని మామయ్య తీర్పు. ఆ ఆటలో మనవాళ్ళు 2-1తో ఓడిపోయారు. "ఓడితేనేమి? హంగరీ అంటే ఎవరనుకున్నారు? ఎనిమిదేళ్ళ క్రితం స్వర్ణం గెలిచిన దేశం. అటువంటి వారి వలలో మన అమ్ముగూడ పిల్లవాడు బంతి వేశాడు!" అని తొడ చరిచేవారు.

చాచా ఒప్పుకొనేవారు కారు. "ఓడిన ఆటలో గోలు పెళ్ళి అయిపోయినాక వాయించిన బ్యాండు. 1962 జకార్తా చెప్పు మియా! జర్నైల్ సింగ్ గోలు చెప్పు!" అనేవారు. ఆ ఆసియా క్రీడలలో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించింది. థాయిలాండుతో ఆడినప్పుడు రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆ కుట్లతోనే ఆయన సెమీఫైనలులోనూ ఫైనలులోనూ ముందు వరుసలో ఆడి, రెంటిలోనూ గోలు వేశారు. ఫైనలులో మళ్ళీ ఎదురైన ఆ కొరియా మీదనే మొదట పి.కె. బెనర్జీ, వెనువెంటనే జర్నైల్ గోలు చేయగా మనవారు 2-1తో గెలిచారు. నాడు అక్కడి ప్రేక్షక సముద్రమంతా మనకు ప్రతికూలమే.

మా నాన్నగారు అంతా విని చివరకు ఒక మాట అనేవారు. "గోలు వేసింది జర్నైలే, కాదనను. కాని వెనుక నిలిచేవాడిని, అందులోనూ తలకు కుట్లున్నవాడిని ముందుకు పంపాలని తోచిందే, అదీ మేటి ఆట. ఆ ఆట ఆడింది గీతకు ఇవతల నిలబడ్డ పంతులు."

"పంతులు బంతి తన్నాడా?" అని మామయ్య లేచేవారు. అప్పటికే రహీం సాబు ఒంట్లో కాన్సరు ఉన్నదనీ, మరుసటి ఏడు జూన్‌లో కన్ను మూశారనీ ఎవరో ఒకరు గుర్తు చేసేవారు. కాసేపు వసారా నిశ్శబ్దమయ్యేది. తరువాత మళ్ళీ మొదటికి వచ్చేవారు. విశేషమేమంటే ఆ ముగ్గురిలో ఒక్కరూ రోము చూడలేదు, జకార్తా చూడలేదు. అంతా మరునాటి పత్రికలలో చదివినదే.

ఒకనాడు మామయ్య వాదం ఓడిపోతున్నదనిపించి కాబోలు, వేరొక మాట చెప్పారు. బలరాం కుర్రవాడుగా ఉన్నప్పుడు అమ్ముగూడ నుండి నగరానికి శిక్షణకు రావడానికి చేతిలో కానీ లేకపోతే, సైకిలు అద్దెకు డబ్బులు రహీం సాబే ఇచ్చేవారట. నాన్నగారు నవ్వి, "చూశారా, మీరూ నా పక్షానికే వచ్చారు" అన్నారు. నేను అప్పుడు దానిని పెద్దగా పట్టించుకొనలేదు.

నేనూ పంతులమ్మనయ్యాను. 1990లలో నేను పనిచేసిన ఒక బడిలో, ఎనిమిదవ తరగతిలో ఒక ఆడపిల్ల ఉండేది. మధ్యాహ్నం విరామంలో మగపిల్లలతో సమానంగా బంతి తన్నేది. ఒకరోజు నా బల్ల దగ్గరకు వచ్చి, "టీచర్, జింఖానా మైదానంలో సెలక్షన్లున్నాయి. మా అమ్మ వద్దంటున్నది. బస్సు డబ్బులు కూడా లేవు. మీరొక్క మాట చెప్పండి" అన్నది. నేను కాపీలు దిద్దుతూ తల ఎత్తకుండానే, "ముందు గణవిభజన తప్పులు లేకుండా చేయడం నేర్చుకో తల్లీ. బంతి అన్నం పెడుతుందా?" అన్నాను. ఆ పిల్ల "సరే టీచర్" అని వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు. పదవ తరగతి తరువాత ఏమయినదో నాకు తెలియదు. నేను అడిగి తెలుసుకొనలేదు.

2023 ఫిబ్రవరిలో బలరాంగారు కలకత్తాలో కాలం చేశారన్న వార్త చదివాను. వసారాలో వాదించిన ముగ్గురూ అంతకు ఎంతో ముందే వెళ్ళిపోయారు. వార్త వినిపించడానికి ఎవరూ లేక, పత్రిక మడిచి ఊరకే కూర్చున్నాను. అప్పుడు నాకు హంగరీ గోలు గుర్తు రాలేదు, జకార్తా గుర్తు రాలేదు. అద్దె సైకిలు గుర్తుకు వచ్చింది. దాని వెనుకనే ఆ పిల్ల "సరే టీచర్" అన్న గొంతు.

ఆనాడు ఆ బస్సు ఛార్జీ ఎంత అయి ఉంటుంది? రెండు రూపాయలో, మూడో. అన్నేళ్ళు గడప దగ్గర కూర్చొని మేటి ఆట ఏదో విన్నదానను, నా వంతు వచ్చినప్పుడు తల ఎత్తలేదు.

నిరుడు మా మనుమడు సినిమా చూసి వచ్చి, "అమ్మమ్మా, అన్నింటిలోకీ గొప్ప గోల్ ఏది?" అని అడిగాడు. మామయ్య గోలూ చెప్పాను, చాచా గోలూ చెప్పాను, నాన్నగారి మాటా చెప్పాను. "మరి నీ ఓటు ఎవరికి?" అన్నాడు. సైకిలు అద్దెకు అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఆ పిల్ల సంగతి వాడికి ఇంకా చెప్పలేదు, మీకే మొదట చెప్పుకున్నాను.

మీ మీ ఊళ్ళ వసారాలలో ఏ ఆట మీద వాదించుకొనేవారో తీరిక ఉన్నప్పుడు వ్రాయండి. చదవాలని ఉన్నది. ఉంటాను, సెలవు.