ఆచార్యుని మూడు ప్రశ్నలు

న్యాయశాస్త్రమున పట్టము పొందియు నల్లకోటు ధరింపక, సుద్దముక్క చేత బట్టినవానికి అప్పుడప్పుడు కొన్ని ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనవలసి వచ్చును. మొన్నటి వేసవిలో మన పాఠశాలలో చదివిన యొక బాలుని తండ్రిగారు నాయొద్దకు వచ్చి, తమ కుమారుడు వకీలు కానొల్లక రాజ్యాంగశాస్త్రము బోధించు ఆచార్యుడు కాగోరుచున్నాడని మిగుల విచారముతో తెలిపిరి. "వాదించువానికి కక్షిదార్లు కలరు, తీర్పు చెప్పువానికి అధికారము కలదు, పాఠము చెప్పువానికి ఏమున్నదండీ?" అని వారడిగిరి. అప్పటికి తోచినది చెప్పితిని గాని, తీరికగా చెప్పదగినది కొంత మిగిలియున్నది. దాని నిచ్చట వ్రాయుచున్నాను.

నాకు తలపునకు వచ్చిన వ్యక్తి జర్మనీ దేశస్థుడగు డీటర్ కాన్రాడ్. 1386లో స్థాపితమైన హైడల్‌బర్గు విశ్వవిద్యాలయమున, 1962లో దక్షిణాసియా పరిశోధన సంస్థ యొకటి వెలసెను. అందలి న్యాయశాస్త్ర విభాగమునకు ఆయన అధ్యక్షుడు. మన న్యాయస్థానములలో ఆయన యెన్నడును వాదింపలేదు. మన ప్రభుత్వమున ఏ పదవియు వహింపలేదు. చదువుట, బోధించుట, వ్రాయుట, ఇంతియే ఆయన వృత్తి. మహాత్మా గాంధీ రాజకీయ భావములను గూర్చి ఆయన రచించిన గ్రంథము సహితము ఆయన మరణానంతరము 2006లో వెలువడినది. ఇట్టివాని జీవితమునందు చెప్పుకొనదగిన సంఘటన లేమియుండునని తోచవచ్చును.

ముందుగా ఆయన స్వదేశపు చరిత్ర కొంత తెలిసికొనవలెను. 1919లో జర్మనులు ప్రజాస్వామికమైన రాజ్యాంగమును నిర్మించుకొనిరి. మూడింట రెండువంతుల ఆధిక్యముతో దానిని మార్చుకొను అధికారము వారి సభకు కలదు. 1933 మార్చి 23న ఆ సభ 444 మంది సమ్మతితో, 94 మంది అసమ్మతితో, శాసనములు చేయు అధికారమును హిట్లరు ప్రభుత్వమునకు అప్పగించెను. కమ్యూనిస్టు సభ్యులను సభకు రానీయనే లేదు. హిట్లరు దళమువారు సభాభవనమున నిలిచి భయపెట్టుచుండిరి. చిత్రమేమన, 1919 నాటి రాజ్యాంగమును ఎవరును రద్దుచేయలేదు. కాగితము మీద అది యట్లే యుండెను. ప్రాణము మాత్రము పోయెను. ఇది యెరిగిన జర్మనులు 1949 నాటి తమ మూలశాసనమున, మానవ గౌరవము మొదలగు కొన్ని సూత్రములను ఏ సవరణయు తాకరాదని 79వ అధికరణములో వ్రాసికొనిరి. మన 368వ అధికరణములో అట్టి కంచె లేదు.

1965 ఫిబ్రవరిలో కాన్రాడ్ కాశీ హిందూ విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర శాఖలో ఉపన్యసించుచు ఈ విషయము నెత్తుకొనెను. ఆయన వేసిన ప్రశ్నలలో మూడింటిని నా మాటలలో చెప్పెదను. శాసనము యొక్క ఆధారము లేకయే మనుష్యుని ప్రాణమును గాని స్వేచ్ఛను గాని హరింపవచ్చునట్లు 21వ అధికరణమును ఎత్తివేయవచ్చునా? పాలకపక్షమునకు బలము తగ్గుచున్నదని తోచినప్పుడు, ప్రధానమంత్రి సలహాపై రాష్ట్రపతియే రాజ్యాంగమును సవరింపవచ్చునని మార్పు చేసికొనవచ్చునా? మొగలాయి చక్రవర్తినో, ఆంగ్ల సింహాసనమునో మరల మన నెత్తిపైకి తెచ్చుకొనవచ్చునా? అక్షరములను బట్టి చూచినచో మూడింటికిని "వచ్చును" అనియే చెప్పవలెను. అట్లు చెప్పుటకు నోరు రాదు. ఆ నోరు రాకపోవుటయందే న్యాయమున్నదని ఆచార్యుని భావము.

ఎం. కె. నంబియారు అను ప్రసిద్ధ న్యాయవాది ఈ ఉపన్యాసమును సంపాదించి, గోలక్‌నాథ్ అభియోగమున సుప్రీముకోర్టు ముందుంచెను. అప్పటి ప్రధాన న్యాయమూర్తి మన రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు; 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టునకు మొదటి ప్రధాన న్యాయమూర్తియు వారే. 1967 ఫిబ్రవరి 27న ఆరుగురు ఒకవైపు, అయిదుగురు ఒకవైపుగా వెలువడిన ఆ తీర్పులో సుబ్బారావుగారు ఈ వాదమున బలమున్నదని యొప్పుకొనిరి గాని, వేరొక మార్గమున ప్రాథమిక హక్కులను కాపాడి, దీనిని తేల్చక విడిచిరి. వకీలైనచో అభియోగము ముగిసినదని కాగితములు కట్టిపెట్టును. ఆచార్యునకు తొందర లేదు. కాన్రాడ్ తన భావమును విస్తరించి వ్రాసి ప్రకటించెను.

కేశవానంద భారతి అభియోగమున పదుముగ్గురు న్యాయమూర్తులు 68 దినములు వాదములు వినిరి. 1973 ఏప్రిల్ 24న ఏడుగురు, రాజ్యాంగమును సవరింపవచ్చును గాని దాని మూలస్వరూపమును చెరుపరాదని తీర్మానించిరి, ఆరుగురు సమ్మతింపలేదు. ఆ యేడుగురిలో హన్స్ రాజ్ ఖన్నాగారి అభిప్రాయమే తక్కెడను మొగ్గజేసెను. ఆయన తీర్పులో కాన్రాడ్ వ్రాతను ఉదాహరించెను. కాశిలో పడిన విత్తనము ఎనిమిదేండ్లకు మొలకెత్తినది.

ఇక ఆ మొదటి ప్రశ్న. 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. 21వ అధికరణమును ఎత్తివేయలేదు గాని, దానికై న్యాయస్థానమునకు పోవు హక్కును రాష్ట్రపతి యుత్తర్వుచే నిలిపివేసిరి. విచారణ లేక చెరలో నున్నవారి మొర వినుటకు వీలులేదని 1976 ఏప్రిల్ 28న అయిదుగురిలో నలుగురు న్యాయమూర్తులు పలికిరి. కాదన్నవాడు ఖన్నా యొక్కడే. 1977 జనవరిలో ఆయనకంటె చిన్నవారిని ప్రధాన న్యాయమూర్తిగా నియమింపగా ఆయన రాజీనామా చేసెను. ఆచార్యుని ప్రశ్న పగటికల కాదని దేశము పదునొకండేండ్లలోనే తెలిసికొన్నది. ఆ మీదట 1978 నాటి 44వ సవరణచే, అత్యవసర సమయమున సైతము 21వ అధికరణ రక్షణను నిలిపివేయరాదని యేర్పరచిరి.

బంగ్లాదేశపు సుప్రీముకోర్టు 1989లో ఇట్టి సూత్రమునే అంగీకరించెను. కాశిలో ఆ దినమున ఉపన్యాసము విన్నవారిలో ఎవరైనను ఇంత దూరము ఊహించియుందురా యని నాకు సందేహమే.

నేను పదవతరగతివారికి రాజ్యాంగపాఠము చెప్పునప్పుడు, ఈ మూడు ప్రశ్నలను నల్లబల్లపై వ్రాసి మిన్నకుందును. క్రిందటియేడు వెనుక బల్లనుండి యొక బాలిక లేచి నాల్గవది యడిగెను: "మూలస్వరూపమేదో చెప్పువారు న్యాయమూర్తులే గదా, మనము ఎన్నుకొననివారు! వారే దారి తప్పినచో ఎవరు నిలుపుదురండీ?" 1973లో ఒప్పుకొనని యారుగురికిని ఇట్టి శంకయే యుండెనని మాత్రము చెప్పితిని. తరగతి రెండు పక్షములై రెండు దినములు వాదించినది. ఇంకను తెగలేదు.