వరుసలో చివరివాడు

క్రికెట్‌లో జట్టు నాయకునికి ఒక స్వేచ్ఛ ఉన్నది. పరుగులు అత్యవసరమైన వేళ భారీగా కొట్టగలవానిని వరుసలో ముందుకు పంపవచ్చును. బేస్‌బాల్ ఈ స్వేచ్ఛను ఇవ్వదు. తొమ్మిదిమంది వరుస ఆటకు ముందే నిర్ణయమై, ఆట ముగిసేదాకా చక్రంలా తిరుగుతూ ఉంటుంది. కీలక ఘడియలో ఎవరి వంతు వస్తే వారే బ్యాట్ పట్టాలి. వానికి బదులు మరొకనిని పంపవచ్చును గాని, తొలగినవాడు ఆ రోజు మళ్ళీ మైదానంలో అడుగు పెట్టరాదు. అతడు మేలైన ఫీల్డరైతే ఆ నష్టం చిన్నది కాదు. మేము చెప్పబోయే విశేషాలన్నింటికీ మూలం ఈ నిబంధనయే.

అమెరికాలో ఉద్యోగం చేసుకొంటున్న మా పూర్వ విద్యార్థి ఒకరు 2025 నవంబరులో మాకు వ్రాస్తూ, "సార్, వరల్డ్ సిరీస్ చివరి ఆట తప్పక చూడండి. ఇది గొప్పదా, 1960 నాటిది గొప్పదా, మీరే చెప్పాలి" అన్నారు. సాహిత్యంలో తులనాత్మక విమర్శ బోధించేవారికి ఇంతకంటె పెద్ద ప్రలోభం ఏమున్నది! కొన్ని రాత్రులు ఆ పాత ఆటల చిత్రాలతోనూ, లెక్కలతోనూ గడిపాము. మా ఉర్దూ శాఖ మిత్రులు తొంగిచూసి, "అంతా కిస్మత్, ఇందులో పోల్చడానికేమున్నది?" అన్నారు. ఆ మాటతో మేము ఏకీభవించలేదు.

1960 సిరీస్‌లో న్యూయార్క్ యాంకీలు ఏడు ఆటలలో 55 పరుగులు చేయగా, పిట్స్‌బర్గ్ పైరేట్స్ చేసినవి 27 మాత్రమే. అయినను చెరి మూడు ఆటలు గెలిచి ఏడవదానికి వచ్చారు. అక్టోబరు 13న ఫోర్బ్స్ ఫీల్డ్‌లో తొమ్మిదవ ఇన్నింగ్స్ నాటికి స్కోరు 9–9. అప్పుడు వంతు వచ్చినది వరుసలో ఎనిమిదవవాడైన బిల్ మజరోస్కీకి. అతనిని జట్టు పోషించినది బ్యాట్ కోసం కాదు. బంతిని అందుకొని, చేతిలో నిలిచిందో లేదో చూపరులకు తెలిసేలోపే మొదటి బేస్‌కు విసరగల ఆ నైపుణ్యం కోసం. రాల్ఫ్ టెర్రీ వేసిన రెండవ బంతి ఎడమవైపు గోడ దాటిపోయింది. నిస్సహాయంగా చూస్తూ నిలిచినవాడు యోగి బెర్రా. సిరీస్ ముగిసింది.

1978 అక్టోబరు 2న జరిగినది సిరీస్ ఆట కాదు. లీగ్‌లో సమంగా నిలిచిన యాంకీలకు, బాస్టన్‌కు మధ్య ఒకే ఒక్క నిర్ణాయక పోటీ. ఏడవ ఇన్నింగ్స్‌లో బాస్టన్ 2–0 ఆధిక్యంలో ఉండగా, తొమ్మిదవవాడు బకీ డెంట్ వంతు వచ్చింది. ఆ ఏడాది అంతవరకు అతడు కొట్టిన హోమ్ రన్‌లు నాలుగు. మామూలుగా అయితే అతనిని తప్పించి మరొకరిని పంపేవారే. కాని విల్లీ రాండాల్ఫ్ గాయపడినందున బేస్‌ల మధ్య నిలిచి కాయగలవారు కరవైనారు. డెంట్ మిక్కీ రివర్స్ బ్యాట్ ఎరువు తెచ్చుకొని, మైక్ టోరెజ్ బంతిని గోడ దాటించి మూడు పరుగులు తెచ్చాడు. ఫెన్‌వే పార్కులోని ఆ ఎడమ గోడ ఎత్తైనదే గాని దగ్గరగా ఉంటుంది. కనుక ఈ దెబ్బలో కొంత భాగం గోడకు చెందుతుందని మా అనుమానం. బాస్టన్ వారు మాత్రం ఇంత మృదువుగా మాట్లాడరు.

2005 సిరీస్‌లో చికాగో వైట్ సాక్స్ పక్షాన ఇటువంటివారు ఇద్దరు. లీగ్ ఆటలలో ఆ ఏడాది ఒక్క హోమ్ రన్ కూడ లేని స్కాట్ పొడ్‌సెడ్‌నిక్ రెండవ ఆటను హోమ్ రన్‌తోనే ముగించాడు. మూడవ ఆట పద్నాలుగవ ఇన్నింగ్స్‌లో జెఫ్ బ్లమ్ కొట్టినది ఆ సిరీస్‌లో అతనికి దక్కిన ఏకైక అవకాశం.

ఇక మా విద్యార్థి అడిగిన 2025 నవంబరు 1. టొరాంటోలో ఏడవ ఆట. తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 3–4తో వెనుకబడి ఉన్నారు. ఒకరు అవుట్. 36 ఏండ్ల మిగెల్ రోహాస్ వరుసలో తొమ్మిదవవాడు. తొలి ఐదు ఆటలలో ఆరంభ జట్టులో చోటు దొరకనివాడు. జెఫ్ హాఫ్‌మన్ బంతిని అతడు ఎడమ గోడ అవతలికి పంపి స్కోరు సమం చేశాడు. మజరోస్కీ విఫలుడైనా పిట్స్‌బర్గ్ ఓడిపోయేది కాదు, ఆట సమంగానే ఉండేది. రోహాస్ విఫలుడైతే డాడ్జర్స్‌కు మిగిలేది ఒకే ఒక్క అవుట్. భారాన్ని బట్టి తూచితే మా ఓటు రోహాస్‌కే. మరి కొద్దిసేపటికి అన్ని బేస్‌లు నిండి, ఒక్క పరుగు వస్తే టొరాంటో గెలిచే స్థితిలో బంతి నేలబారుగా అతని వద్దకే వచ్చింది. తడబడుతూనే అందుకొని హోమ్ ప్లేట్‌కు విసిరి ఆ పరుగును ఆపాడు. పదకొండవ ఇన్నింగ్స్‌లో విల్ స్మిత్ హోమ్ రన్‌తో డాడ్జర్స్ 5–4తో గెలిచారు. మా మిత్రులకు మేము చూపినది రోహాస్ విసిరిన ఆ విసురునే. ఆ చేయి లేకుంటే జట్టులో చోటు లేదు, చోటు లేకుంటే ఆ వంతే లేదు. దీనిని కిస్మత్ అని ఎలా అందుము?

ఓడిన పిచర్ల మాట ఎవరూ అడగరు. రాల్ఫ్ టెర్రీ 1962లో మళ్ళీ సిరీస్ ఏడవ ఆట వేసి, ప్రత్యర్థికి ఒక్క పరుగు కూడ ఇవ్వక 1–0తో యాంకీలను గెలిపించాడు. మజరోస్కీకి హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం 2001లో గాని దొరకలేదు. ఆ సభలో అతడు తన హోమ్ రన్‌ను గురించి గాక, ఫీల్డింగ్‌కు కూడ అక్కడ చోటుండాలని చెప్పబోయి, కన్నీరు ఆగక, ప్రసంగం పూర్తి చేయకుండానే కూర్చున్నాడు.