గచ్చు మీద ముసలి కుక్క

తోక తొక్కితే కుయ్యోమని ఇల్లు ఎగరగొట్టే కుక్క, తొంటి కీలు ఏళ్ల తరబడి అరుగుతున్నా నోరు మెదపదు. లేవబోయి ఒక్క క్షణం ఆగుతుంది. మెట్ల మొదట్లో నిలబడి పైకి చూసి వెనక్కి తిరుగుతుంది. నడకలో వెనక్కాళ్లు రెండూ కలిపి వేస్తుంది. ఒకే చోట నాకి నాకి అక్కడి బొచ్చు ఎర్రబారుతుంది. రాత్రిళ్లు ఒకచోట పడుకోలేక గదులు మారుతూ ఆయాసపడుతుంది. పొద్దున బిగుసుకుపోయి, నాలుగడుగులు వేశాక కాస్త సర్దుకుంటుంది. ఇదంతా కళ్లముందే జరుగుతుంటే మనం “ముసలిదైపోయింది లెండి” అనేసి ఊరుకుంటాం. ఆ మాట వింటే నా ప్రాణం చివుక్కుమంటుంది. ముసలితనానికి మందు లేకపోవచ్చు, నొప్పికి ఉంది.

మా లక్కీ లాబ్రడార్. ఆ జాతిలోనూ, జర్మన్ షెపర్డ్‌లలోనూ వంశపారంపర్యంగా వచ్చే తొంటి లోపం ఎక్కువ. తొడ ఎముక తల తొంటి గిన్నెలో బిగువుగా కూర్చోదు. వదులుగా ఉన్న కీలు కదిలినప్పుడల్లా రాసుకుని మృదులాస్థి అరుగుతుంది, అంచుల్లో కొత్త ఎముక మొలుస్తుంది. ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి చూసిన మా అత్తయ్య, “దీనికీ నాలాగే గుజ్జు అరిగిపోయిందటే అమ్మాయ్?” అంది. ఆమెకు ఇంకేమీ వివరించాల్సిన పని లేకపోయింది.

తొంటి కీలు మార్చే ఆపరేషన్ కుక్కలకూ ఉంది. లక్కీ వయసుకు, దాని గుండెకు మత్తు ఇవ్వడం మంచిది కాదన్నారు డాక్టరుగారు. ఆపరేషన్ లేదనగానే ఇక చేసేదేమీ లేదనుకుని కుక్కను ఓ మూల పడుకోబెట్టేసే ఇళ్లు చాలా ఉన్నాయి. కత్తి పెట్టకుండా నొప్పిని అదుపులో ఉంచడమంటే ఇంటిల్లిపాదీ రోజూ చేయాల్సిన చాకిరీ. అందులో మందుబిళ్లకు ఎంత వాటా ఉందో, కంచానికీ నేలకూ అంతే ఉంది.

ముందు కంచం సంగతి. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లలను జంటలుగా విడదీసి, జతలో ఒకదానికి 25 శాతం తక్కువ తిండి పెట్టి జీవితాంతం గమనించారు. ఫలితాలు 2002లో వచ్చాయి. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుర్దాయం 13 ఏళ్లు, మిగతావాటిది 11.2 ఏళ్లు. కీళ్లవాతానికి వైద్యం అవసరమైన వయసు కూడా సుమారు మూడేళ్లు వెనక్కి జరిగింది. ఏ సీసాలోని మందూ ఇంత మేలు చేస్తుందని నేను నమ్మను. కానీ మన ఇళ్లలో కుక్కకు ఒక్కరు తిండి పెట్టరు కదా. పొద్దున అత్తయ్య ఇడ్లీ ముక్క, బడికెళ్లే ముందు పిల్లల బిస్కట్లు, గేటు దగ్గర వాచ్‌మన్ బన్ను, రాత్రి గిన్నెలో మిగిలిన పెరుగన్నం. ఎవరికి వారు ‘చిటికెడే కదా’ అనుకుంటారు. “మనం తింటూ దాని మొహం చూడగలమా?” అని అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకుంది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. రోజుకు సరిపడా తిండి పొద్దున్నే కొలిచి ఒక డబ్బాలో పోస్తాం. ఎవరు ఏది పెట్టాలన్నా అందులోంచే. ఆమె ఇడ్లీకి బదులు ఉడికించిన బీన్స్ ముక్క పెడుతుంది. లక్కీ దాన్నీ అంతే ఆత్రంగా అందుకుంటుంది. పక్కల మీద అరచేయి పెట్టి నిమిరితే వేళ్లకు ఎముకలు తగలాలన్నారు డాక్టరుగారు. మొదట్లో మెత్తని కొవ్వే తగిలేది.

తర్వాత నేల. అద్దంలా మెరిసే గ్రానైట్ గచ్చును మనం ముచ్చటపడి వేయించుకుంటాం. కీళ్ల నొప్పులున్న కుక్కకు అది నరకం. లక్కీ లేవడానికి ముందుకాళ్లు తన్నిపెట్టి నడుము ఎత్తుతుంటే వెనక్కాళ్లు చెరోవైపు జారిపోయేవి. గోళ్లు రాతిని గీరుతున్న చప్పుడు పక్కగదిలోకి వినిపించేది. ఆ ఒక్క జారుడుతో ఆ రోజంతా కుంటేది. ఇప్పుడు దాని పడక నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి వీధి గుమ్మం దాకా రబ్బరు చాపలు, గోనెపట్టాలు వరసగా పరిచాం. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లకు అది అందంగా కనిపించదు, కనిపించనక్కర్లేదు. పాదాల కింద వేళ్ల మధ్య పెరిగే బొచ్చు కత్తిరిస్తే పట్టు ఇంకా బాగుంటుంది. గోళ్లు పెరగనివ్వకూడదు. అత్తయ్య తన పాత చీరలతో కుట్టిన బొంతను నాలుగు మడతలు వేసి దానికి పరుపు చేసింది. మెట్లు ఎక్కించాల్సి వస్తే పొట్ట కింద తువ్వాలు వేసి రెండు కొసలూ పైకి పట్టుకుంటాం. వెనక భాగం బరువు మన చేతిలో ఉంటుంది.

నొప్పి ఉందని పూర్తిగా పడుకోబెట్టకూడదు. తొడ కండ కరిగితే కీలు మీద భారం పెరుగుతుంది. ఆదివారం ఒకేసారి మైళ్లు నడిపించేకన్నా రోజుకు మూడుసార్లు కాసేపు తిప్పడం మేలు. బంతి విసిరి పరుగెత్తించడం మానేశాం. వీలున్నవాళ్లకు ఈత చాలా మంచిది. నీరు బరువు మోస్తుంది, కండ పనిచేస్తుంది. చలికాలం నడకకు ముందు గోరువెచ్చని గుడ్డతో కాపడం పెడితే కీలు సాగుతుంది.

ఇక మందులు. మెలాక్సికామ్, కార్‌ప్రొఫెన్ లాంటివి కుక్కలకు బాగా పనిచేస్తాయి. కాలేయం, మూత్రపిండాల పరీక్ష చేశాకే మొదలుపెట్టాలి, తిండితోనే వేయాలి. వాంతులు, నల్లటి విరేచనం కనిపిస్తే వెంటనే ఆపి డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. స్టెరాయిడ్‌తో కలపకూడదు. ఇంట్లో అలమరలోని ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రం పొరపాటున కూడా వేయకండి. పేగుల్లో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడిపోతాయి. ఈ డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని మన దేశంలో రాబందులు కుప్పకూలిపోయాయి. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. దానికి బదులుగా రాబందులకు హాని చేయనిదని ఎంచుకున్న మందు ఈ మెలాక్సికామే. లక్కీకి చుక్కలు కొలిచి పోస్తున్నప్పుడు నాకు అది గుర్తొస్తుంటుంది.

నరాల నొప్పి తోడైతే గాబాపెంటిన్ రాస్తారు. మనుషుల కోసం చేసిన దాని సిరప్‌లలో కొన్నింటిలో జైలిటాల్ ఉంటుంది, అది కుక్కకు విషం. చేపనూనె కొంత మేలు చేస్తుంది. గ్లూకోసమైన్‌కు మాత్రం అంత గట్టి ఆధారాలు లేవు. అమెరికాలో ఉన్న మా మేనకోడలు తన కుక్కకు నెలకోసారి బెడిన్‌వెట్‌మాబ్ ఇంజెక్షన్ చేయిస్తోంది. నొప్పి సంకేతాన్ని పెంచే ఒక ప్రొటీన్‌ను అది అడ్డుకుంటుంది. అక్కడి ఎఫ్‌డీఏ దాన్ని 2023లో అనుమతించింది. కొన్ని కుక్కల్లో తూలడం, మూర్ఛలు కనిపించాయని 2024 డిసెంబరులో పశువైద్యులను హెచ్చరించింది కూడా. రెండూ తెలుసుకుని, డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోమన్నాను.

వంటింటి క్యాలెండర్ మీద రోజూ రాత్రి ఒక గుర్తు పెడతాం. తనంతట తాను లేచిందా, గుమ్మం దాకా వచ్చిందా, నిద్రపోయిందా అని చూసి మంచి రోజో చెడ్డ రోజో రాస్తాం. జ్ఞాపకం మీద ఆధారపడితే నిన్నటి దిగులే నెలంతటినీ కమ్మేస్తుంది. డాక్టరుగారు ఆ కాగితం చూసే మోతాదు మారుస్తారు. చెడ్డ రోజులు మంచివాటిని మించిపోతే ఏం చేయాలో కూడా ఆయనతో ముందే మాట్లాడి ఉంచాం. ప్రస్తుతానికి బరువు తగ్గింది, మందు మోతాదూ తగ్గింది. వచ్చే నెల మళ్లీ రక్తపరీక్ష ఉంది.