అరవై ఆరు అడుగుల వైరు

పది వాట్లు అంటే ఎంతో మీకు ఐడియా ఉందా? మా బాత్రూంలో వెలిగే ఎల్‌ఈడీ బల్బు తొమ్మిది వాట్లు. నా రేడియో దానికంటే ఒక్క వాటు ఎక్కువ. ఆ పది వాట్లతో అబ్దుల్లాపూర్‌మెట్‌లో మాట్లాడితే విశాఖపట్నంలో వినబడాలి. ఈ వేసవికి నేను పెట్టుకున్న టార్గెట్ అది. చేతిలో ఉన్నది నాలుగు వేల ఐదొందలు. మా కాలనీలో ఇద్దరు ఎనిమిదో తరగతి పిల్లలకి రెండు నెలలు మ్యాథ్స్ చెబితే వచ్చిన డబ్బులు. అవి అయిపోతే ఇంట్లో మళ్ళీ అడగడానికి మొహం చెల్లదు. ఎందుకంటే ఆ డబ్బుతో ఏదైనా సర్టిఫికేట్ కోర్సు చేసుకోమని నాన్న ముందే చెప్పి ఉన్నారు. ప్లేస్‌మెంట్లు వస్తున్నాయి కదా.

అమెచ్యూర్ రేడియో గురించి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కేంద్ర టెలికాం శాఖ పెట్టే పరీక్ష రాసి లైసెన్స్ తీసుకుంటే మనకంటూ ఒక కాల్‌సైన్ ఇస్తారు. నాది వీయూ3తో మొదలవుతుంది. దాంతో మనకి కేటాయించిన ఫ్రీక్వెన్సీల్లో మనమే సిగ్నల్ పంపొచ్చు, మనమే అందుకోవచ్చు. ఇలా చేసేవాళ్ళని హామ్‌లు అంటారు. మధ్యలో టవర్ లేదు, సిమ్ లేదు, సర్వర్ లేదు. మన వైరు నుంచి బయల్దేరిన తరంగం పైన అయనోస్ఫియర్ దాకా వెళ్ళి, అక్కడ వంగి, ఎక్కడో ఇంకొకరి వైరు మీద దిగుతుంది. డబ్బు సంపాదనకి వాడకూడదు. పాటలు వేయకూడదు. మాట్లాడుకోవడమే.

నా సెట్టు సెకండ్ హ్యాండ్ మైక్రో బిట్‌ఎక్స్. దీని పుట్టిల్లు మన హైదరాబాదే అని చాలామంది ఈసీఈ వాళ్ళకి కూడా తెలీదు. అషర్ ఫర్హాన్, కాల్‌సైన్ వీయూ2ఈఎస్‌ఈ, 2000ల మొదట్లో బిట్‌ఎక్స్20 అనే డిజైన్ బయటపెట్టారు. మన దేశంలో మామూలు షాపుల్లో దొరికే పార్టులతోనే తయారు కావాలి, అదీ ఆయన పంతం. కాయిల్స్ చుట్టడానికి కావలసిన ఫెర్రైట్ రింగులు ఇక్కడ దొరక్కపోతే కుళాయి వాషర్ల మీద చుట్టమన్నారు. నిజంగా, నల్లాకి వేసే వాషర్లు! చివర్లో పవర్ ఇచ్చే ఐఆర్‌ఎఫ్510 కూడా రేడియో కోసం చేసింది కాదు, స్విచింగ్ పనులకి వాడే చవక ట్రాన్సిస్టర్. ఆ తర్వాత 2017 చివర్లో వచ్చింది మైక్రో బిట్‌ఎక్స్. బోర్డుల కాయిల్స్ చుట్టింది ఇక్కడి మహిళల బృందమే. లోపల ఆర్డుయినో నానో ఉంటుంది, కోడ్ అంతా ఓపెన్. సీఎస్ఈ వాణ్ణి కాబట్టి నాకు మొదట నచ్చింది ఆ సంగతే. బంజారాహిల్స్‌లో లామకాన్ తెలుసు కదా, నాటకాలు, సమోసాలు, చాయ్? దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో కూడా ఫర్హాన్ ఉన్నారు. అక్కడ లామకాన్ అమెచ్యూర్ రేడియో క్లబ్ అని ఒకటి ఉంది. నా సెట్టు అమ్మినాయన నాకు పరిచయమైంది అక్కడే.

సెట్టు వచ్చింది సరే, అది పెద్దగా పలకలేదు. బాల్కనీ గ్రిల్‌కి అడ్డదిడ్డంగా కట్టిన వైరే అప్పటికి యాంటెన్నా. స్పీకర్‌లో ఒకటే గరగర. దాని వెనకాల ఎక్కడో మనుషులు మాట్లాడుతున్నట్టు అనిపించేది.

ఇక్కడ మా ఈసీఈ ఫ్రెండ్‌కీ నాకూ వారం రోజులు గొడవ. వాడు లీనియర్ యాంప్లిఫయర్ కొనమంటాడు. పది వాట్లని నలభై చేసేస్తే పని అయిపోతుందని వాడి లెక్క. నలభై అంటే నాలుగింతలు, వినడానికి బానే ఉంది. కానీ డెసిబెల్స్‌లో చూస్తే నాలుగింతలు అంటే ఆరు డీబీ. హామ్ రేడియోల్లో సిగ్నల్ బలం చూపే ముల్లు ఉంటుంది, ఎస్-మీటర్ అంటారు. దాని మీద ఒక గీతకీ ఇంకో గీతకీ తేడా సరిగ్గా ఆరు డీబీ. అంటే నా డబ్బంతా పెట్టి, దాని మీద అప్పు కూడా చేసి యాంప్లిఫయర్ కొంటే అవతలివాళ్ళ మీటర్‌లో ముల్లు ఒక్క గీత కదులుతుంది. పైగా నాకు వినపడేది ఒక్క పిసరు కూడా పెరగదు. ఎంత అరిచినా, అవతలివాళ్ళ జవాబు మనకి వినపడకపోతే ఏం లాభం? అదే మంచి యాంటెన్నా కడితే పంపేటప్పుడూ పనికొస్తుంది, వినేటప్పుడూ పనికొస్తుంది. వాడు ఒప్పుకోలేదనుకోండి. డబ్బు నాది కాబట్టి నేనే గెలిచాను.

40 మీటర్ల బ్యాండ్‌లో, అంటే 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర, హాఫ్ వేవ్ డైపోల్‌కి కావలసిన వైరు దాదాపు 66 అడుగులు. మేం అద్దెకుండే ఇల్లు రెండొందల గజాల ప్లాటు. ముప్ఫై బై అరవై. ఏ పక్క కట్టినా చాలదు. రాత్రి పడుకుని ఆలోచిస్తుంటే తట్టింది, మూల నుంచి మూలకి కడితే? ముప్ఫై స్క్వేర్ తొమ్మిదొందలు, అరవై స్క్వేర్ మూడు వేల ఆరొందలు. కలిపితే నాలుగు వేల ఐదొందలు. రూట్ కడితే 67 అడుగులు! (నా బడ్జెట్ కూడా నాలుగు వేల ఐదొందలే అని అప్పుడే గమనించి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.) మధ్య భాగాన్ని పైకెత్తి రెండు చివరలూ కాంపౌండ్ వాల్ మూలల వైపు కిందికి దించితే, తలకిందులైన వీ అక్షరంలాగా, ఇంకా తక్కువ జాగాలోనే సరిపోతుంది. మిగతాది తాడు. ఎత్తు సంగతి ఇంకో అదృష్టం. విదేశాలు కావాలంటే యాంటెన్నా బాగా ఎత్తున ఉండాలి. కానీ పక్క జిల్లాలు, పక్క రాష్ట్రాలు కావాలంటే తక్కువ ఎత్తే మేలు. సిగ్నల్ ఎక్కువగా నిటారుగా పైకి వెళ్ళి, గొడుగు పట్టినట్టు చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి విశాఖ నేరుగా కొలిస్తే ఐదొందల కిలోమీటర్లకి అటూ ఇటూ. టవర్ అక్కర్లేదు, మెట్ల గది మీద వెదురు బొంగు చాలు.

షాపింగ్‌కి రెండు రోజులు పట్టింది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే కోఠీకీ, ఎర్రగడ్డకీ ఒకటే లైన్. కోఠీ గుజరాతీ గల్లీలో కనెక్టర్ ఎనభై రూపాయలు. ఆదివారం ఎర్రగడ్డ సంతలో పాత మానిటర్ కేబుళ్ళు కుప్పగా పోసి అమ్ముతారు. వాటి చివర్లో నల్లగా గుండ్రంగా ఒక ముద్ద ఉంటుంది చూడండి, అది ఫెర్రైట్. కేబుల్ పదికి ఒకటి చొప్పున పదిహేను కొన్నాను. "గిన్ని వైర్లు ఏం జేస్కుంటవ్ అన్నా?" అని అమ్మే అబ్బాయి అడిగితే "కోసి ఆ ముద్దలు తీసుకుంటా" అన్నాను. వాడు నన్ను ఇంకోలా చూశాడు. యాంటెన్నా వైరు మామూలు హౌస్ వైరింగ్ వైరే. ఫీడ్ లైన్‌కి పాత డిష్ కేబుల్ ఇంట్లోనే చుట్ట చుట్టి ఉంది. అది 75 ఓమ్‌లు, రేడియోకి 50 ఓమ్‌లు కావాలి. ఆ తేడా వల్ల పోయేది చాలా తక్కువ, కేబుల్ మాత్రం ఫ్రీ. కాకపోతే దాని పై అల్లిక అల్యూమినియం, సోల్డర్ పట్టదు, స్క్రూతో బిగించాలి. మొత్తం ఖర్చులో పెద్దది యూపీఎస్ బ్యాటరీ, తొమ్మిదొందల యాభై.

అసలు కష్టం ఓనర్ ఆంటీతో.

బొంగు తీసుకుని మెట్లెక్కుతుంటే ఆపారు. "ఏంది బిడ్డా, టవర్ గిట్ల పెడ్తున్నవా? ఇంట్ల పిల్లలున్నరు. రేడియేషన్ గిట్ల వస్తదంటరు." ఇది బాత్రూం బల్బంత పవర్ అని చెప్పాను. "బల్బయితే బల్బు లెక్కనే ఉంటది గద, గీ తీగలెందుకు?" అన్నారు. పిడుగు గురించి అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. మబ్బు పట్టగానే కేబుల్ ఊడదీసి బయట పడేస్తానని, రేడియో వాడనప్పుడు అసలు తగిలించనని చెప్పాను. చివరలు చేతికందనంత ఎత్తులో ఉంటాయని కూడా. ఆమె ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని భయమేసింది. ఆ ఇంటికి ఆరు నెలలు వెతికాం మేము.

అప్పుడు గేటు దగ్గర చెప్పులు విప్పుతూ నాన్న అందుకున్నారు. "హుద్‌హుద్ తుఫానప్పుడు మా వదినగారు గాజువాకలో ఉన్నారండీ" అని మొదలుపెట్టారు. నాకు ఆశ్చర్యం. అప్పటిదాకా "ఫోన్ ఉండగా ఇదెందుకురా" అన్న మనిషి. 2014 అక్టోబర్ 12, ఆదివారం. నాకు ఎనిమిదేళ్ళు. టీవీలో విరిగిన చెట్లు, అమ్మ పెద్దమ్మకి ఫోన్ చేస్తూనే ఉండటం, అవతల ఏమీ మోగకపోవడం, ఇంతే గుర్తు నాకు. ఫోన్ కలవడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ అమ్మ సరిగ్గా తినలేదని నాన్న ఆంటీతో చెబుతుంటే నాకు మొదటిసారి తెలిసింది. "వీడు చేసేది అలాంటప్పుడు పనికొస్తుందంటండీ. ఇప్పుడైతే నాకూ పూర్తిగా అర్థం కాలేదు."

మాట వచ్చింది కాబట్టి చెబుతాను. హామ్ రేడియో అనగానే అందరూ విపత్తుల గురించే రాస్తారు. అది నిజమే. 2004 డిసెంబర్‌లో భారతీ ప్రసాద్ గారు హామ్ రేడియో పని మీదే అండమాన్ వెళ్ళి ఉన్నారు. 26న సునామీ వచ్చాక ఆవిడా, ఆవిడ బృందమూ పోర్ట్ బ్లెయిర్ నుంచి జనం క్షేమ సమాచారాలు రేడియోలో చేరవేశారు. ఆ యాత్ర ఏర్పాటు చేసింది 1983లో హైదరాబాద్‌లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. గొప్ప విషయం. కానీ నేను రోజూ తుఫాను కోసం ఎదురుచూస్తూ కూర్చోలేను కదా. నాకిది ఇష్టం, అందుకే చేస్తున్నాను. అయితే ఆ కారణం ఓనర్ ఆంటీ దగ్గర పనిచేయదు.

ఆంటీ షరతు మీద ఒప్పుకున్నారు. బట్టల తీగకి అడ్డం రావొద్దు, పిడుగులు పడే కాలంలో వైరు దించేయాలి. సరే అన్నాను.

కట్టడం ఒక్క పూటలో అయిపోయింది. క్లబ్‌లో ఒక సీనియర్ తన నానోవీఎన్‌ఏ ఆ ఆదివారానికి అప్పిచ్చారు. అది యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర పలుకుతోందో గ్రాఫ్ గీసి చూపించే చిన్న పెట్టె. మొదట 6.88 చూపించింది. ఇన్సులేషన్ ఉన్న వైరు కొంచెం పొడుగు వైరులా ప్రవర్తిస్తుంది, ఊహించిందే. కోయకుండా చివరలు ఒక్కో అడుగు వెనక్కి మడిచి చుట్టేస్తే 7.09కి వచ్చింది. చాలు.

గరగర మాత్రం పూర్తిగా పోలేదు. రేడియోని బ్యాటరీ మీద పెట్టి మెయిన్ ఆపేశాను. గరగర సగం చచ్చిపోయింది! అంటే దొంగ మా ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో ఎంసీబీ వేస్తూ, ఒక్కో ప్లగ్ పెడుతూ వింటూ పోయాను. "కరెంటోళ్ళు తీయకపోతే నువ్వు తీస్తున్నావా?" అని అమ్మ వంటింట్లోంచి అరుస్తోంది. దొరికినవాళ్ళు ఇద్దరు. హాల్లో చవక ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు, సెట్ టాప్ బాక్స్ అడాప్టర్. లైటు మార్చాను. అడాప్టర్‌ వైరుని ఎర్రగడ్డ ఫెర్రైట్ల మీద నాలుగు చుట్లు చుడితే కొంత తగ్గింది. మిగిలింది పక్కిళ్ళది, వీధి దీపాలది. అందుకే మా లైన్‌లో కరెంటు పోయినప్పుడల్లా ఊరంతా ఉసూరుమంటుంటే నేను రేడియో దగ్గరకి పరిగెడతాను. అప్పుడు 40 మీటర్ల బ్యాండ్ ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో చెప్పలేను.

బాగుపడిందని చెవులతో చెబితే మా ఫ్రెండ్ నమ్మడు కాబట్టి లెక్క తీశాను. ఎఫ్‌టీ8 అని ఒక డిజిటల్ పద్ధతి ఉంది, 2017లో వచ్చింది. చేసినవాళ్ళలో ఒకరు జో టేలర్, 1993లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్నాయన. పదిహేను సెకన్లకి ఒక మెసేజ్, అందులో 77 బిట్లు, దానికి ఎల్‌డీపీసీ ఎర్రర్ కరెక్షన్. చెవికి ఏమీ వినపడని చోట కూడా సాఫ్ట్‌వేర్ మెసేజ్‌ని పట్టుకుంటుంది. పంపక్కర్లేదు, ల్యాప్‌టాప్‌కి ఆడియో కేబుల్ పెట్టి వింటే చాలు. పాత వైరుతో రాత్రి తొమ్మిదికి పది నిమిషాల్లో వేర్వేరు స్టేషన్లు 14. కొత్త వైరుతో అదే టైముకి 83. ఇండోనేషియా, జపాన్, రష్యా. నా ఫ్రెండ్ స్క్రీన్ చూసి "ఓకే" అన్నాడు. వాడి నోట్లోంచి అంతకంటే ఎక్కువ రాదు.

విశాఖ మాత్రం నాలుగు రోజులు దొరకలేదు. ఐదో రోజు ఉదయం ఎనిమిదింటికి సీక్యూ అని పిలుస్తుంటే ఒక పెద్దాయన గొంతు. నేను ఇంగ్లీషులో కాల్‌సైన్ ఆల్ఫా, బ్రావో అంటూ స్పెల్లింగ్ చెప్పి, పవర్ పది వాట్లు, యాంటెన్నా డైపోల్ అని చదివేశాను. ఆయన ఒక్క క్షణం ఆగి "తెలుగేనా బాబూ?" అన్నారు. విశాఖట. సిగ్నల్ రిపోర్ట్ ఐదు-నాలుగు. అంటే మాట పూర్తిగా అర్థమవుతోంది, బలం మాత్రం తక్కువ.

వెనకాల నాన్న టీ గ్లాసుతో నిలబడ్డారు. "గాజువాకకి దగ్గరేనా అడుగు. మీ పెద్దమ్మ..." అన్నారు. నేను చెయ్యి అడ్డంపెట్టాను. మామూలు రోజుల్లో వేరేవాళ్ళ కబుర్లు చేరవేయకూడదని రూల్. విపత్తు వస్తేనే దానికి వీలు. గాజువాకకి ఎంత దూరమో మాత్రం అడిగాను. ఆయన చెబుతుండగానే సిగ్నల్ దిగిపోయి, గొంతు మెల్లగా గరగరలో కలిసిపోయింది. నాన్న ఇంకాసేపు అక్కడే నిలబడి "పది వాట్లేనా?" అన్నారు. అవునన్నాను. "రేపు కూడా వస్తాడా ఆయన?" ఏమో నాన్నా, బ్యాండ్ బాగుంటే.

నాలుగు వేల ఐదొందల్లో ఇంకా పద్దెనిమిది వందల చిల్లర మిగిలింది. మర్నాడు ఉదయం ఏడున్నరకి లేచి చూస్తే, నాన్న అప్పటికే సెట్ టాప్ బాక్స్ ప్లగ్ పీకేసి రేడియో ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు.