మెషీన్‌కి మీటరుంది

మొన్నామధ్య ఒక్క వారాంతంలో నావి 18 వేల పైచిలుకు రూపాయలు మబ్బుల్లో కలిసిపోయాయి. ఆఫీసులో నా పనేంటో తెలుసా? ఎవరూ వాడకుండా ఊరికే నడుస్తున్న క్లౌడ్ సర్వర్లని కనిపెట్టి ఆపేసే స్క్రిప్టులు రాయడం. నవ్వుకోండి, ఫర్లేదు.

మాది భువనగిరి. మా చిన్నాయన కొడుకు గ్రాఫిక్స్ నేర్చుకున్నాడు, చిన్నా చితకా పనులు చేస్తుంటాడు. వాడూ, వాడి నలుగురు దోస్తులూ కలిసి సర్వాయి పాపన్న మీద ఒక షార్ట్ ఫిల్మ్ మొదలుపెట్టారు. 18వ శతాబ్దం మొదట్లో మా కోట మీద దాడి చేసిన పాపన్నే. తలా కొంత వేసుకుని 60 వేలు పోగేశారు. కొండ ఎలాగూ ఊళ్ళోనే ఉంది, ఏకశిల, సెట్టు ఖర్చు లేదు. రాత్రి పూట కాగడాలతో జనం గుట్ట ఎక్కే షాట్ ఒకటుంది. అది మాత్రం కంప్యూటర్లో పుట్టాల్సిందే.

ఆ షాట్ ఆరు సెకన్లు. సెకనుకి 24 చొప్పున 144 ఫ్రేములు. తమ్ముడి మెషీన్ మీద ఒక్కో ఫ్రేముకి 50 నిమిషాలు. గుణిస్తే 120 గంటలు, అంటే సరిగ్గా ఐదు రోజులు. ఎండాకాలం, మధ్యలో కరెంటు పోయిందా, సగంలో ఉన్న ఫ్రేము గోవిందా. "అన్నా, నువ్వు క్లౌడ్ల పని చేస్తవ్ గదా, మాకేమన్న అక్కరకొస్తదా?" అన్నాడు. ఇలాంటి మాట కోసమే కదా మనం ఇంజనీరింగ్ చదివింది!

రెండరింగ్‌లో ఉన్న సుఖమేంటంటే, ఏ ఫ్రేముకి ఆ ఫ్రేమే. పదో ఫ్రేము కోసం తొమ్మిదోది ఆగక్కర్లేదు. కాబట్టి 36 మెషీన్లు తెచ్చి తలా నాలుగు ఫ్రేములు పంచితే 120 గంటల పని మూడు గంటల ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. తమాషా ఏంటంటే ఖర్చులో పెద్ద తేడా రాదు. ఒక మెషీన్ 120 గంటలు తిరిగినా, 36 కలిసి 120 గంటలు తిరిగినా అద్దె అంతే. సొంతంగా 36 కొని పెట్టుకున్నవాడికి ఈ వెసులుబాటు లేదు, పని లేని నెల కూడా వాటికి మేత వెయ్యాలి.

ఇక్కడ పైకి చెప్పని చిక్కులు చాలానే ఉన్నాయి. కొత్త ఖాతాకి గ్రాఫిక్స్ కార్డున్న మెషీన్లు ఇవ్వనే ఇవ్వరు, పరిమితి సున్నా దగ్గరుంటుంది. టికెట్ పెట్టి అడుక్కోవాలి. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే రీజియన్ తెరిచింది, అంటే మబ్బు మా ఊరికి యాభై కిలోమీటర్ల దూరంలోనే ఉంది. కానీ 40 జీబీ సీన్ ఫైళ్ళు మా చిన్నాయన ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీదుగా అక్కడికి చేరడానికి నాలుగున్నర గంటలు పట్టింది. హార్డ్ డిస్క్ జేబులో పెట్టుకుని బస్సెక్కితే అంతకంటే ముందే ఉప్పల్‌లో దిగేవాణ్ణి.

ఖర్చు తగ్గించడానికి స్పాట్ మెషీన్లు తీసుకున్నా. మిగిలిపోయిన మెషీన్లని చవగ్గా ఇస్తారు, వాళ్ళకి అవసరమైతే రెండు నిమిషాల ముందు చెప్పి లాగేసుకుంటారు. గంటకి పదిహేడు రూపాయలు పడింది, షాటుకి రెండు వేలు. మొదటి వెర్షన్ చూసి అందరూ చప్పట్లు కొట్టారు. కథ అక్కడ ఆగితే నేనిది రాసేవాణ్ణి కాదు.

డైరెక్టర్ దోస్తు "కాగడాలు ఇంకొన్ని ఉంటే మంచిగుంటది" అన్నాడు. తర్వాత పొగ ఎక్కువైందన్నాడు. తర్వాత వెన్నెల. ఐదు రోజులు పట్టే రోజుల్లో అయితే అడిగే ముందు ఒకటికి పదిసార్లు ఆలోచించేవాడు. ఇప్పుడు పొద్దున అడిగితే సాయంత్రానికి వచ్చేస్తోంది కదా! అలా ఏడో వెర్షన్ దాకా వెళ్ళాం. ఆ ఏడోదాని రాత్రే ఒక స్పాట్ మెషీన్‌ని వెనక్కి లాక్కున్నారు. దాని మీదున్న ఫ్రేము పోయింది. 144 ఫైళ్ళు వస్తే అన్నిటినీ ఆపెయ్యమని నేను రాసిన స్క్రిప్టు, 143 దగ్గర బుద్ధిగా ఎదురుచూస్తూ కూర్చుంది. ఆదివారం తెల్లవారుజామున రెండింటి నుంచి సోమవారం పొద్దున ఎనిమిదింటి దాకా. 36 మెషీన్లు, 30 గంటలు, లెక్క మీరే కట్టుకోండి. ఆ పోయిన ఫ్రేముని తమ్ముడు తన పాత మెషీన్ మీద 50 నిమిషాల్లో తీసిచ్చాడు.

డబ్బుల బాధ రెండు రోజుల్లో పోయింది. పోనిది ఇంకోటి. మెషీన్ల అద్దె సెకన్లతో సహా లెక్కకొచ్చింది. కాగడాలు మార్చినప్పుడల్లా, వెన్నెల సర్దినప్పుడల్లా తమ్ముడు కూర్చున్న రాత్రులు ఏ బిల్లులోనూ లేవు. రెండర్ అంటే చివరి మెట్టు మాత్రమే, దానికి ముందున్న చేతిపని ఏ క్లౌడూ పంచుకోదు. రెండర్ ఎంత త్వరగా అయితే చేతిపని అంత తరచుగా మీద పడుతోంది.

ఇది మా తమ్ముడి ఒక్కడి గోల కూడా కాదు. అప్పట్లో హైదరాబాద్‌లో కూడా ఆఫీసున్న రిథమ్ అండ్ హ్యూస్ అనే స్టూడియో 'లైఫ్ ఆఫ్ పై' సినిమాలో పులిని చేసింది. 2013 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది, అదే నెలలో ఆ సినిమాకి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. వేదిక మీద ఆ సంగతి ఎత్తబోతే సంగీతం వాయించి మైకు కట్ చేశారు. ఆ రంగంలో షాటుకింత అని ముందే బేరం, తర్వాత అడిగే మార్పులు చాలావరకు స్టూడియో నెత్తినే. మన 'ఈగ', 'బాహుబలి' చూసి గర్వపడతాం, పడాలి కూడా. ఒక్కో షాటు వెనక ఎన్ని వెర్షన్లు చెత్తబుట్టలోకి వెళ్ళాయో టైటిల్స్‌లో వెయ్యరు.

ఇదంతా విని మా చిన్నమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే. ఆమె పుట్టిల్లు పోచంపల్లి, చిన్నప్పుడు నూలుకి ముడులు కట్టింది. "రొండోసారి కట్టమంటె రొండోసారి పైసలియ్యరా బిడ్డా?"

పోయిన ఆదివారం వెళ్తే తమ్ముడు ఒక ఎక్సెల్ షీట్ చూపించాడు. వెర్షన్, అడిగిన మార్పు, మెషీన్ ఖర్చు, తన గంటలు. కింద మెషీన్లకి మొత్తం 15 వేల దాకా తేలింది. తన గంటలు 61. పక్కన రేటు గడి ఖాళీగా ఉంది.

"ఈడ ఎంత రాయాలె అన్నా?"

ఆఫీసులో క్లయింటుకి నా గంటని ఎంతకి అమ్ముతారో నాకు తెలుసు. అది వాడికి చెప్పబుద్ధి కాలేదు. నా 18 వేలు మాత్రం అందులో కలపొద్దని చెప్పి, బస్సుకి టైమైందని లేచాను.