నేల కింద పొయ్యి

నిజామాబాద్ జిల్లా అనగానే అందరికీ ఎండలే గుర్తొస్తాయి. మే నెలలో నలభై అయిదు డిగ్రీలు కొట్టే ఊళ్లో చలి గురించి మాట్లాడితే నవ్వుతారు కూడా. అలా నవ్వేవాళ్లు డిసెంబరులో మా ముప్కాల్‌కి వచ్చి ఒక్క రాత్రి పడుకుని చూడాలి. జాతీయ రహదారి పక్కనే ఊరు. శ్రీరాంసాగర్ జలాశయం ఎంతో దూరం లేదు. చుట్టూ పసుపు, మక్క చేన్లు. తెల్లవారుజామున మంచం దిగి కాలు కింద పెడితే షాబాదు బండ చలి అరికాలి నుంచి మోకాలిదాకా జివ్వున పాకుతుంది.

గాలి చలికి దుప్పటి ఉంది, స్వెటరుంది. కింది నుంచి వచ్చే చలికి ఏం కప్పుకుంటాం? రోజంతా నేలమీదే కూర్చుని పనిచేసేవాళ్లకైతే ఇది పెద్ద బాధే. మా వైపు అలాంటివాళ్లు తక్కువేం కాదు. ఏ గల్లీలోకి వెళ్లినా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. మా అమ్మ నలభై ఏళ్లుగా చుడుతోంది. వెయ్యి బీడీలకింతని వచ్చే ఆ కూలితోనే అక్కా నేనూ చదువుకున్నాం. ఇప్పుడు చుట్టకపోయినా గడుస్తుంది. అయినా ఆమె చేతులు ఊరుకోవు.

బీడీ పనిలో చలి రెండింతలు. తునికాకు ఎండితే చుట్టేటప్పుడు చిట్లిపోతుంది. అందుకని నీళ్లతో తడిపి, తడిబట్టలో చుట్టి పక్కనే పెట్టుకుంటారు. కింద చల్లటి బండ, పక్కన తడి ఆకు, మధ్యలో అరవై అయిదేళ్ల మోకాళ్లు. చలివల్ల కీళ్లు అరిగిపోవని డాక్టర్లు చెబుతారు. కానీ చలికి అవి బిగుసుకుపోతాయన్న సంగతి అమ్మని అడిగితే తెలుస్తుంది. గంటసేపు కూర్చుని లేవాలంటే గోడ పట్టుకోవాల్సిందే.

దీనికి అమ్మ దగ్గరున్న మందు కుంపటి. సాయంత్రం పొయ్యిలో మిగిలిన నిప్పులు అందులో వేసుకుని, తలుపులు బిగించుకుని పక్కన పెట్టుకునేది. నాకు నిద్రపట్టని విషయం అదే. మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లను నిద్రలోనే తీసుకుపోతుంది. ఎన్నిసార్లు చెప్పినా అమ్మది ఒకటే మాట. "మా అమ్మ పెట్టుకుంది, మా అత్త పెట్టుకుంది. గాళ్లకేమైంది బిడ్డా?"

అమెరికా స్నానాల గదిలో...

2022 చలికాలంలో అక్క పురుడుకి అమ్మ మిషిగన్ వెళ్లింది. అక్కడి మంచు గురించి, మనుషులు కనబడని వీధుల గురించి ఫోన్‌లో ఎంత చెప్పినా, ఆమెను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది అక్కావాళ్ల స్నానాల గది. బయట మోకాలిలోతు మంచు. లోపల టైల్స్ మీద వట్టి కాళ్లతో నిలబడితే వెచ్చగా ఉన్నాయి. "ఏందే ఇది, నేల కింద పొయ్యి వెట్టిండ్రా?" అని అడిగిందట. పొయ్యి లాంటిదే అని బావ నవ్వాడు. టైల్స్ కింద సన్నటి కరెంటు తీగ మెలికలు తిరిగి ఉంటుంది. అది వేడెక్కి టైల్‌ని, టైల్ మన కాలిని వెచ్చబరుస్తాయి. చప్పుడు లేదు, పొగ లేదు, దుమ్ము లేదు.

ఆలోచన కొత్తదేం కాదు. రోమన్లు స్నానశాలల్లో ఇటుక స్తంభాల మీద నేలను ఎత్తి కట్టి, కింది నుంచి పొయ్యి సెగ పంపేవాళ్లు. కొరియా వాళ్ల 'ఓండోల్'లో వంటింటి పొయ్యి పొగ పక్క గది రాతి పలకల కింది నుంచి పోతూ గదిని వేడిచేస్తుంది. అక్కడి అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ఆ పని నేల కింద వేడినీళ్ల గొట్టాలు చేస్తున్నాయి. మన కాశ్మీరులోనూ 'హమామ్' గదులున్నాయి. రాతి నేల కింద బోలుగా ఉంచి అందులో కట్టెలు మండిస్తారు. కొరియా వాళ్లూ మనలాగే నేలమీద కూర్చుంటారు, తింటారు, పడుకుంటారు. కుర్చీలో బూట్లు వేసుకుని కూర్చునేవాళ్లకంటే వాళ్లకీ మనకే నేల వెచ్చదనం ఎక్కువ అవసరమేమో అనిపిస్తుంది.

అమ్మ తిరిగొచ్చాక బావ ఫోన్ చేశాడు. ముప్కాల్ ఇంట్లోనూ వేయిద్దాం, సామాను నేను పంపిస్తానన్నాడు. ఊళ్లో వైరింగ్ చేసే తమ్ముడికి ఈ మాట చెబితే అతను అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని వోల్టులది అక్కా?" బావ చూసింది 120 వోల్టులది. మన ఇళ్లలో 230. వోల్టేజీ దాదాపు రెట్టింపయితే తీగలో పుట్టే వేడి రెట్టింపుతో ఆగదు, మూడున్నర రెట్లు దాటుతుంది. అంటే వెచ్చబడాల్సింది మాడిపోతుంది. విదేశాల నుంచి ఇలాంటివి తెప్పించుకోవాలనుకునేవాళ్లు మొదట చూడాల్సింది ఇదే. చివరికి హిమాచల్, కాశ్మీర్ వైపు ఇళ్లకి, హోటళ్లకి సరఫరా చేసేవాళ్ల దగ్గర 230 వోల్టుల సెట్టు దొరికింది.

బండలు తియ్యొద్దు

అసలు చిక్కు ఇంట్లో మొదలైంది. గది మొత్తం వేయాలంటే రెండు దార్లు. ఉన్న బండలు పీకి కింది నుంచి కట్టుకు రావడం ఒకటి, బండల మీదే కొత్త నేల వేయడం రెండోది. మొదటిదానికి అమ్మ ససేమిరా అంది. అంతకుముందు అది పెండతో అలికిన మట్టినేల. నేను పుట్టకముందు, దుబాయి నుంచి మొదటిసారి వచ్చినప్పుడు నాన్న లారీలో షాబాదు బండలు తెప్పించి పరిపించాడు. వాటి కీళ్లలో సిమెంటు ఆయనే కూర్చుని నింపాడట. నాన్న పోయి పదకొండేళ్లు. "ఆయన వరిసిన బండలు నేనున్నంతల కదలొద్దు" అంది అమ్మ.

రెండో దారిలోనూ గండం ఉంది. పలక, తీగ, టైల్ అన్నీ కలిపి అంగుళానికి పైగా ఎత్తు పెరుగుతుంది. తలుపుల అడుగులు కోయాలి. అన్నిటికీ మించి గడప మునుగుతుంది. పసుపు రాసి బొట్టుపెట్టే గడప నేలలో కలిసిపోవడం ఏ ఇల్లాలికి ఇష్టం?

దారి చూపింది మేస్త్రి. ఖతర్‌లో ఏళ్ల తరబడి టైల్స్ పని చేసి వచ్చినవాడు. "గదంతా ఎందుకు? అమ్మ కూసునే జాగల చిన్న అరుగు లెక్క వేద్దాం" అన్నాడు. కిటికీ పక్కన, గోడకి ఆనించి, ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. అమ్మ నలభై ఏళ్లుగా కూర్చుంటున్నది అక్కడే. బండ పగలదు, గడప మునగదు. అంచుకి కాలు తగలకుండా చుట్టూ వాలుగా పట్టీ పెడితే సరిపోతుంది.

2024 నవంబరులో పని మొదలైంది. మేస్త్రి ముందు ప్రతి బండనీ చెక్కసుత్తితో తట్టి చూశాడు. బోలుగా మోగిన చోట సిమెంటు పాలు పోసి గట్టిచేశాడు. దానిమీద పది మిల్లీమీటర్ల మందం పలక అతికించాడు. రెండు వైపులా సిమెంటు పూత ఉన్న ఫోమ్ పలక అది. ఇది లేకపోతే వేడిలో చాలా భాగం కింది బండల్లోకి, మట్టిలోకి పోతుంది. కరెంటు మీటరు తిరుగుతుందే తప్ప కాళ్లకు అందేది తక్కువ.

ఆ పలక అతికించిన మర్నాడు, ఇంకా తీగ పరవకముందే, అమ్మ దాని మీద చాప వేసుకుని కూర్చుంది. కాసేపటికి, "సగం సలి ఇప్పుడే వోయింది గదా!" అంది. మేస్త్రీ, నేనూ ముఖాలు చూసుకున్నాం. ఆలోచిస్తే అందులో వింతేం లేదు. ఒకే గదిలో ఉన్న చెక్కపీటా, రాతిబండా ఒకే వేడిమిలో ఉంటాయి. రాయి మన ఒంట్లోని వేడిని గబగబా లాగేసుకుంటుంది, చెక్క లాగదు. మనకి చలి అనిపించేది ఆ లాగడమే. మట్టినేల ఇంత చలి పెట్టేది కాదని అమ్మ ఎప్పుడూ అనే మాటకి అర్థం అప్పుడు తెలిసింది.

తీగ పని జాగ్రత్తగా చేయాల్సింది. సన్నటి వల మీద కుట్టిన తీగ చాపలా చుట్టి వస్తుంది. మలుపుల దగ్గర వలని కత్తిరించొచ్చు, తీగని మాత్రం కోయకూడదు. అటకలు, బీరువాలు ఉండే చోట దాన్ని వేయకూడదు. మాది 360 వాట్లది. దాని నిరోధం దాదాపు 147 ఓములు రావాలి. వైరింగ్ తమ్ముడు మూడుసార్లు కొలిచాడు. పెట్టెలోంచి తీయగానే ఒకసారి, పరిచాక ఒకసారి, టైల్స్ వేశాక మరోసారి. తాపీ అంచు తగిలి తీగ గీసుకుపోతే టైల్స్ కిందికి వెళ్లాక కనుక్కోవడం కష్టం మరి. వేడిని కొలిచే సెన్సర్‌ని రెండు తీగల మధ్య చిన్న గొట్టంలో పెట్టాడు. పాడైతే నేల పగలకొట్టకుండా బయటికి లాగొచ్చు.

అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది ఎర్తింగ్‌కి. పాత ఇల్లు, పేరుకే ఎర్త్ వైరు. పెరట్లో కొత్తగా గుంట తీసి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ కట్టారు. ముప్పై మిల్లీ ఆంపియర్లు లీకయితే టక్కున ఆగిపోయే ఆర్‌సీసీబీ బిగించారు. వట్టి కాళ్లతో కూర్చునే చోట కరెంటు పెడుతున్నప్పుడు ఈ రెండూ లేకుండా స్విచ్చి వేయకూడదు. టైల్స్ అతికించిన సిమెంటు పూర్తిగా ఆరేదాకా ఆగి, డిసెంబరు మొదటి వారంలో వేశాం.

ఆకు బండ మీద, అమ్మ అరుగు మీద

థర్మోస్టాట్‌ని 28 డిగ్రీల దగ్గర ఆపాం. కూర్చునే గదుల్లో నేల వేడి 29 దాటకూడదని ఐరోపా వాళ్ల ప్రమాణం. షుగరుతో పాదాలు తిమ్మిరెక్కినవాళ్లకి వేడి తెలియదు కాబట్టి అలాంటివాళ్లున్న ఇంట్లో మరింత జాగ్రత్త అవసరం. గోనెసంచులు, బొంతలు పరిస్తే వేడి కింద బిగదీసుకుపోతుంది. పల్చటి చాప చాలు.

రెండోరోజే కొత్త సమస్య వచ్చింది. అరుగు మీద పెట్టిన తునికాకు వడిలి, చిట్లడం మొదలైంది. అమ్మ ఎవరినీ అడగలేదు. ఆకుల మూటని జరిపి పాత బండ మీద పెట్టుకుంది. ఆకుకి చల్లదనం, మనిషికి వెచ్చదనం. చేయి చాపితే రెండూ అందుతాయి.

ఖర్చు చెప్పకపోతే మీరు ఊరుకోరు. సామాను, టైల్స్, ఎర్తింగ్, కూలి అన్నీ కలిపి ముప్పై వేల దాకా అయింది. రోజుకి నాలుగు గంటలు వేస్తే నెలకి నలభై మూడు యూనిట్లకు మించదు. ఒంటరిగా ఉండే అమ్మ వాడకానికి ఇది కలిపినా గృహజ్యోతి పథకం ఇచ్చే రెండొందల యూనిట్ల లోపే. రెండు వేల వాట్ల రూమ్ హీటరయితే అదే నాలుగు గంటలకి రోజుకి ఎనిమిది యూనిట్లు తాగుతుంది. దాని వేడి ముందు పైకప్పుకి చేరుతుంది. ఆ పెంకుటింటి పైకప్పు ఎత్తు సంగతి చెప్పక్కర్లేదు.

మోకాళ్లు బాగైపోయాయా అంటే లేదు. గోడ పట్టుకోవడం మానలేదు. అయితే కుంపటి మాత్రం పెరట్లోకి వెళ్లిపోయింది. నాకు అది చాలు.

చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి చూశారు, కూర్చున్నారు, "మంచిగున్నది" అన్నారు. ముప్పై వేలు అనగానే లేచారు. బీడీ కూలి మీద బతికేవాళ్లు నేల కింద తీగలు ఎక్కడ వేయించుకుంటారు? వాళ్లకి అమ్మే ఉపాయం చెప్పింది. పని అయ్యాక మిగిలిన ఫోమ్ పలక ముక్క తెచ్చి, దాని మీద పాత చెక్క వేసి, ఎదురింటి వదినని కూర్చోబెట్టింది. కరెంటు లేదు, తీగ లేదు. ఆ వారంలోనే గల్లీలో ఇద్దరు ముగ్గురు పాత తలుపు చెక్కల కింద థర్మోకోల్ వేసుకుని బీడీలు చుట్టడం చూశాను. చలిని తగ్గించడంలో మొదటి మెట్టు వేడి పుట్టించడం కాదు, ఉన్న వేడిని నేల లాక్కోకుండా ఆపడం. దానికి అయ్యే ఖర్చు ఎవరైనా భరించగలిగిందే.

ఏప్రిల్ వచ్చేసరికి స్విచ్చి తీసేశాం. పలక అడ్డం ఉంది కదా, నేల చల్లదనం ఇప్పుడు ఆ అరుగు మీదికి రాదు. మధ్యాహ్నాలు అమ్మ చాటతో సహా అరుగు దిగి, నాన్న పరిచిన బండల మీదికి జరిగింది. పని అయ్యాక చాప కూడా లేకుండా అక్కడే ఒరిగి కునుకు తీస్తోంది.