పలకని బేస్
ఏప్రిల్ 14 సాయంత్రం. అంబేడ్కర్ జయంతి స్టేజీ మీద మా పేట కుర్రాడి బేస్ గిటార్ పలకలేదు. "వీడికి వాయించడం రాదు" అని కింద ఎవరో నవ్వారు. వాడు తలొంచుకున్నాడు.

నేను పైకెక్కాను. వాల్యూమ్ నాబ్‌లు తిప్పి చూశాం. అదే కేబుల్ కీబోర్డుకు పెడితే ఆంప్ మోగింది. అంటే లోపం గిటార్లోనే. వెనక చిన్న మూత తీస్తే 9 వోల్టుల బ్యాటరీ. యాక్టివ్ బేస్ అది. కేబుల్ పెట్టి వదిలేస్తే వాయించకపోయినా బ్యాటరీ అయిపోతుంది. రాత్రంతా అలాగే వదిలేశాడట. కొత్తది వేశాం. స్టేజీ అదిరింది.

డప్పు పలక్కపోతే మా నాన్న మంట దగ్గర కాచేవాడు. వాయించేవాణ్ణి తిట్టేవాడు కాదు.

మొన్న సెమినార్లో నోరు విప్పని అమ్మాయికి నేను సున్నా వేశాను. ఎందుకు మాట్లాడలేకపోయిందో అడగనేలేదు. రేపు అడగాలి.